మూడు మీటర్లు, ఒక బనియను

కొండ ఎక్కే ఘాటు రోడ్డు మొదలయ్యే చోట, పెట్రోలు బంకు దాటగానే, ఒక లారీ బాడీ షెడ్డు ఉంది. గవర్రాజు, నూకరాజు, తాతబ్బులు అనే ముగ్గురు అన్నదమ్ములది అది. షెడ్డు వెనకే ఇల్లు. ఆ ఇంటి పెత్తనం గవర్రాజు భార్య దేముడమ్మది. ఈ నలుగురి దగ్గర ఉన్నంత తెలివి ఆ చుట్టుపక్కల మరెవరి దగ్గరా లేదని నలుగురికీ గట్టి నమ్మకం.

ఆ నమ్మకానికి కారణం కూడా ఉంది. మిగతా జనం రోజూ పొద్దున్న లేచింది మొదలు తెలివి వాడేస్తుంటారు. వాడితే ఏదైనా అరిగిపోతుంది కదా! వీళ్ళు ఎప్పుడూ వాడలేదు. పుట్టినప్పుడు ఎంత ఉందో అంతా అలాగే, పెట్టెలోంచి తియ్యని ఇత్తడి బిందెలా ధగధగలాడుతూ ఉంది.

అలా దాచుకోమన్నది దేముడమ్మ మామగారే. ఆయన బతికుండగా కొడుకుల పనితనం చూసీ చూసీ, ఒకరోజు చేతిలో సుత్తి కింద పడేసి, "ఒరే నాయనా, మీకు దణ్ణం పెడతాను. ఎవరేం చెప్తే అది చెప్పినట్టు చెయ్యండి. సొంత తెలివి మాత్రం వాడకండి" అన్నాడు. అంతే. ఆ రోజు నుంచి అదే వాళ్ళకి వేదం.

దేముడమ్మకి జ్ఞాపకశక్తి జాస్తి. ఎవరేం చెప్పినా పొల్లు పోకుండా ఒప్పజెప్పేది. పని మొదలెట్టే ముందు మగవాళ్ళు ముగ్గురూ వరసగా నిలబడేవాళ్ళు. ఆవిడ ఖాతాదారు చెప్పిన మాటలు ఒక్కొక్కటీ అప్పగించేది. వాళ్ళు ఒక్కొక్కటీ చేసేవాళ్ళు. ఖాతాదార్లు రెండోసారి ఎందుకు రావటం లేదో మాత్రం ఆ ఇంట్లో ఎవరికీ అంతుపట్టలేదు.

"పని అంత గట్టిగా చేస్తే మళ్ళీ ఎందుకొస్తారు మరి?" అనేవాడు గవర్రాజు. అదీ నిజమే అనిపించేది దేముడమ్మకి.

ఒకరోజు దేముడమ్మ తండ్రి సన్యాసిరావు తన లారీ వేసుకుని దిగాడు. షెడ్డున్న స్థలం ఆయనదే. లారీ ఒక్కటే ఆయన ఆస్తి, ఆయన ప్రాణం.

"ఓలే దేముడూ, నీ మొగుణ్ణీ మరుదుల్నీ పిలు" అన్నాడు దిగుతూనే. "మొన్న ఘాటు మీద ఇంజను పొంగిపోయిందే. వెనక లోడంతా అనాసపళ్ళు. ఊరు చేరేసరికి పళ్ళు పోయి పులుసు మిగిలింది. ఇంకోసారి పొంగితే ఇంజనే పోతుంది. ఇంజను పోతే నేను పోయినట్టే."

తువ్వాలు విప్పి మూడు గుండ్రటి మీటర్లు చూపించాడు. ఒకటి ఇంజను వేడికి, ఒకటి ఆయిలు ఒత్తిడికి, ఒకటి బ్రేకుల గాలికి. తీగలన్నీ మెకానిక్కు డాష్‌బోర్డు వెనకాల వేలాడదీసి ఉంచాడట. వీళ్ళు చెయ్యాల్సిందల్లా ఒక గూడు. మూడు మీటర్లూ అందులో కూర్చోవాలి. గూడు డాష్‌బోర్డులో కూర్చోవాలి.

"జాగ్రత్తగా వినండి" అన్నాడు సన్యాసిరావు. "సీట్లో కూర్చుని చూస్తే కళ్ళకి ఎదురుగా ఉండాలి. ముందు అట్టతో నమూనా చేసుకోండి. డాష్‌బోర్డుకి సరిపోకపోతే కోసి సరిచేసుకోండి. మీటర్లకి చెక్కతో మూడు ఉంగరాలు చెయ్యండి. వాటి మీద బనియను గుడ్డ బిగలాగి, జిగురు మందు పూసి, గట్టిపడేదాకా కదలనివ్వకండి. తరవాత గరుకు కాగితంతో నా బట్టతలంత నున్నగా వచ్చేదాకా రుద్దండి. ఇంకో మాట. ముల్లు పచ్చలో ఉన్నంతసేపూ బండికి ఢోకా లేదు. ఎర్రలోకి పోనివ్వకూడదు. తెలిసిందా?"

"తెలిసింది మావా" అన్నారు ముగ్గురూ.

"మా తమ్ముడి కొడుకు పెళ్ళికెళ్తున్నాను. రేపు సాయంత్రం వస్తాను. ఎల్లుండి తెల్లారేసరికి లోడుకెళ్ళాలి. పని బాగుంటే స్టాండులో ఉన్న లారీలన్నీ మీ దగ్గరకే పంపిస్తాను. బాగులేదో, షెడ్డు ఖాళీ చేయించి నా గేదెల్ని కట్టేస్తాను."

ఆ మాటకి దేముడమ్మ తండ్రికి అడ్డంగా వచ్చి నిలబడింది. షెడ్డు పోతే ఈ ముగ్గురూ ఎక్కడికెళ్తారు? ఇంత తెలివి పెట్టుకుని కూలికెళ్తారా? "అయ్యా, నువ్వు చెప్పిన దాంట్లో ఒక్క మాట తప్పితే అడుగు. గేదెల్ని నేనే తోలుకొచ్చి కడతాను" అంది. సన్యాసిరావు కూతురి ముఖం ఒకసారి, అల్లుడి ముఖం ఒకసారి చూసి, నిట్టూర్చి బస్సెక్కాడు.

ఇంకేముంది, పని మొదలు. అడ్డంగా ఉందని ముందే సీటు ఊడదీసి అరుగు మీద నీడన పెట్టారు.

"సీట్లో కూర్చుని చూస్తే కళ్ళకి ఎదురుగా" అని అప్పగించింది దేముడమ్మ.

గవర్రాజు వెళ్ళి అరుగు మీద సీట్లో కూర్చుని చూశాడు. కళ్ళకి ఎదురుగా లారీ చక్రం కనిపించింది.

"ఒరే, మావయ్య మీటర్లు చక్రానికి పెట్టమంటున్నాడ్రా."

"చక్రంతో పాటు తిరుగుతాయి కదన్నయ్యా. ఎలా చదువుతాడు?" అన్నాడు నూకరాజు.

"తల కూడా తిప్పుకుంటాడు."

తండ్రికి మెడనొప్పి ఉన్న సంగతి దేముడమ్మకి గుర్తొచ్చింది. "అలా కాదు, సీటు కొంచెం ఎత్తండి" అంది. బల్ల మీద పెట్టారు. ఎదురుగా బంపరు వచ్చింది. డ్రమ్ము మీద పెట్టారు. లైటు వచ్చింది. డ్రమ్ము మీద బల్ల, బల్ల మీద సీటు, సీట్లో గవర్రాజు. కొంచెం ఊగాడు గానీ అద్దం దాకా వచ్చాడు.

"ఇంకా ఎత్తు కావాలి. షెడ్డులో ఇంతకన్నా ఎత్తయింది ఏముంది?" అంది దేముడమ్మ.

ముగ్గురూ చుట్టూ చూశారు. లారీ కనిపించింది. అంతే, సీటు మోసుకెళ్ళి లారీ క్యాబిన్లో పెట్టారు. గవర్రాజు కూర్చున్నాడు. సరిగ్గా కళ్ళకి ఎదురుగా డాష్‌బోర్డు!

"చూశారా! కొలత అంటే ఇదీ!" అన్నాడు గవర్రాజు చెమట తుడుచుకుంటూ.

తరవాత అట్ట. టీవీ వచ్చిన అట్టపెట్టె ఇంట్లో ఉంది. చక్కగా నమూనా కత్తిరించి డాష్‌బోర్డు మీద పెడితే నమూనా పెద్దదైంది, చోటు చిన్నదైంది.

"సరిపోకపోతే కోసి సరిచేసుకోండి" అప్పగించింది దేముడమ్మ.

నూకరాజు రంపపు బ్లేడు తీశాడు. "దేన్ని కొయ్యాలొదినా?"

దేముడమ్మ బాగా గుర్తు చేసుకుంది. "దేన్ని అనేది అయ్య చెప్పలేదు. కానీ అట్ట కొత్తది మరిదీ. డాష్‌బోర్డు పాతది. ఎవరైనా కొత్తది పాడుచేసుకుంటారా?"

ఇంకేముంది. ఇటు కొంచెం, అటు కొంచెం, సరిపోలేదని మళ్ళీ కొంచెం. అట్ట చక్కగా సరిపోయేసరికి డాష్‌బోర్డు నడుమ ఒక మేకపిల్ల దూరేంత కన్నం పడింది. అందులోంచి మెకానిక్కు తీగలు పాపం బయటికి తొంగి చూస్తున్నాయి.

"గాలి బాగా వస్తుంది మావయ్యకి" అన్నాడు తాతబ్బులు.

చెక్క ఉంగరాలు మూడూ బాగానే చేశారు. చేతిపనిలో వాళ్ళకి వంక పెట్టటానికి లేదు. వాటిని సన్నటి పుల్లలతో కలిపి ఆ కన్నం ముందు నిలబెట్టారు. ఇప్పుడు బనియను గుడ్డ కావాలి.

"బనియను ఎవరికుంది?" అడిగింది దేముడమ్మ.

గవర్రాజు చొక్కా విప్పి చూసుకున్నాడు. లేదు. నూకరాజుకీ లేదు. తాతబ్బులు చొక్కా విప్పాడు. నిన్ననే కొన్న తెల్లటి బనియను, ఒంటికి అతుక్కుని ఉంది.

"రారా" అన్నాడు గవర్రాజు.

తాతబ్బులు క్యాబిన్లోకి ఎక్కాడు. ఆ లారీకి ఇంజను క్యాబిన్ నడుమే ఉంటుంది, పైన రేకు మూత. ముందు అద్దానికి వీపు పెట్టి, ఆ మూత మీద మోకాళ్ళు వేసి, ఉంగరాలకి వెనక నుంచి పొట్ట ఆనించి కూర్చున్నాడు. అన్నలిద్దరూ బనియను ముందు భాగం పట్టి, బారెడు లాగి, మూడు ఉంగరాల మీదా డప్పు తోలులా బిగించారు. దేముడమ్మ కుంచె తీసుకుని జిగురు మందు దిట్టంగా పూసింది. బుజాల మీదా కొంచెం పడింది. పడితే పడిందని అక్కడా పూసింది.

అప్పుడు తాతబ్బులుకి ఒక సందేహం వచ్చింది. "వదినా, బనియను విప్పనక్కర్లేదా?"

దేముడమ్మ సన్యాసిరావు మాటలు మొదట్నుంచి చివరిదాకా మనసులో అనుకుని చూసింది. "లేదు మరిదీ. విప్పమని ఎక్కడా రాలేదు. గట్టిపడేదాకా కదలనివ్వకండి అని మాత్రం వచ్చింది. కదలకు."

తాతబ్బులు కదల్లేదు. కాసేపటికి కదలాలన్నా కదలలేకపోయాడు. మందు రాయిలా బిగిసిపోయింది. దేముడమ్మ ముద్దలు కలిపి నోట్లో పెడితే తిన్నాడు.

మర్నాడు పొద్దున్న రుద్దుడు. "నా బట్టతలంత నున్నగా" అప్పగించింది దేముడమ్మ.

"మావయ్య తల పెళ్ళిలో ఉంది కదా. ఎలా సరిచూస్తాం?" అన్నాడు గవర్రాజు.

అలాంటప్పుడే దేముడమ్మ విలువ తెలిసేది. ఎదురుగా కిళ్ళీకొట్టు బైరాగి ఉన్నాడు. నెత్తి మీద ఒక్క వెంట్రుక లేదు. "బైరాగన్నా, నీ తలతో చిన్న పనుంది" అని పిలుచుకొచ్చింది. ఆయన టీ అనుకుని వచ్చాడు. క్యాబిన్లో కూర్చోబెట్టారు. నూకరాజు కళ్ళు మూసుకుని ఎడంచెయ్యి బైరాగి తల మీద, కుడిచెయ్యి గూడు మీద పెట్టి, నిమిరి నిమిరి చూసి, "ఇంకా గరుకే" అనేవాడు. గవర్రాజు రుద్దేవాడు. మళ్ళీ నిమిరేవాడు. ఒకసారి నూకరాజు చేతులు మారాయి. "గరుకుగా ఉందన్నయ్యా, రుద్దు" అన్నాడు. గవర్రాజు రుద్దాడు.

బైరాగి అరుపు పెట్రోలు బంకు దాకా వినిపించింది. టీ తాగకుండానే వెళ్ళిపోయాడు. గూడు మాత్రం అద్దంలా వచ్చింది. గుడ్డ కోసి, మెకానిక్కు తీగలు తగిలించి, ఉంగరాల్లో మూడు మీటర్లూ బిగించారు. నల్లరంగు వేశారు. నల్లటి గూడు, దాని వెనక తాతబ్బులు. చూడటానికి మూడు కళ్ళ దేవుణ్ణి ఎత్తుకున్న పూజారిలా ఉన్నాడు.

ఇక చివరి మాట. ముల్లు పచ్చలో ఉండాలి, ఎర్రలోకి పోకూడదు. దేముడమ్మ దగ్గరకొచ్చి చూసింది. ప్రతి మీటరులోనూ ఒక చివర తెలుపు, నడుమ పచ్చ, అవతల ఎర్ర. ఇంజను ఆపి ఉంది కాబట్టి ముళ్ళు తెల్లటి చోట పడుకుని ఉన్నాయి.

"ఏమయ్యోయ్! ముల్లు పచ్చలో లేదు!" అని గుండెలు బాదుకుంది. గేదెలు కళ్ళ ముందు కనిపించాయి.

గవర్రాజు వేలితో మీటరు మీద కొట్టాడు. ముల్లు రాలేదు. నూకరాజు బతిమాలాడు. రాలేదు. దేముడమ్మ ఆలోచించింది. ముల్లు పచ్చ దగ్గరకి రాకపోతే పచ్చే ముల్లు దగ్గరకి రావాలి. అంతే! అద్దాలు ఊడదీసింది. కిటికీలకి వేసిన ఆకుపచ్చ రంగు మిగిలితే తెచ్చి, సన్నటి కుంచెతో, ముళ్ళకి అంటకుండా, మూడు మీటర్ల ముఖాలూ ఈ చివర నుంచి ఆ చివరకి పచ్చగా వేసేసి, అద్దాలు మళ్ళీ పెట్టేసింది. ఇక ముల్లు ఎటు పోయినా పచ్చలోనే. ఆవిడ మనసు కుదుటపడింది.

సాయంత్రం సన్యాసిరావు రానే వచ్చాడు. తలుపు తీశాడు. తాతబ్బులు మెడ తిప్పి, "దండాలు మావా" అన్నాడు.

"దిగరా, చూడనీ."

"దిగలేను మావా. గట్టిపడ్డాను."

సన్యాసిరావు వంగి చూశాడు. అప్పుడాయన అన్న మాటలు ఇక్కడ రాయటానికి లేదు. కత్తెర తెమ్మని అరిచాడు, బనియను కోసి పారేద్దామని. కత్తెర తెచ్చింది దేముడమ్మ. అప్పుడు చూశాడు గూటి కింద కన్నం. గూటిని పట్టి ఉంచటానికి డాష్‌బోర్డే లేదు! గూడు మొత్తం తాతబ్బులు బుజాలకి వేలాడుతోంది. బనియను కోస్తే మీటర్లు నేల మీద పడతాయి. తెల్లారితే లోడుకెళ్ళాలి. అనాసపళ్ళు కోసి పెట్టేశారు, ఆగవు.

సన్యాసిరావు కత్తెర కింద పెట్టాడు. "పద. వీడితోనే వెళ్దాం. వచ్చాక చెప్తాను మీ సంగతి. ఓలే దేముడూ, గేదెలకి తాళ్ళు పేనించుకో."

తెల్లవారుతుండగా బయల్దేరారు. సన్యాసిరావు స్టీరింగు దగ్గర, నడుమ ఇంజను మూత మీద తాతబ్బులు, ఇవతల దేముడమ్మ. వెనక లోడు ఎక్కించే ఖాళీ చోట గవర్రాజు, నూకరాజు. దేముడమ్మ కిటికీలోంచి వెనక్కి తిరిగి షెడ్డు కనిపించినంతసేపూ చూసింది. ఇదే ఆఖరి పని కాబోలనుకుంది. ఒక్క మాట తప్పకుండా చేశామే, ఎక్కడ వచ్చింది తేడా?

ఘాటు మొదలైంది. లారీ మూలుగుతూ ఎక్కుతోంది.

"వదినా, మోకాళ్ళు వెచ్చగా ఉన్నాయి" అన్నాడు తాతబ్బులు.

"పోనీలే, చలిలో హాయి."

ఇంకో మలుపు. "వదినా, ఇప్పుడు అంత హాయిగా లేదు."

సన్యాసిరావు మీటరు వైపు చూశాడు. ముల్లు పచ్చలో ఉంది. "పచ్చలోనే ఉందిరా, నోర్మూసుకో."

ఇంకో మలుపు. "మావా! కాలుతున్నాయి మావా!"

సన్యాసిరావు మళ్ళీ చూశాడు. పచ్చే. "గాడిదా, మీటరు కన్నా నీకెక్కువ తెలుసా?" అని ఇంకా గట్టిగా తొక్కాడు.

దేముడమ్మ మీటరు చూసింది. మరిది ముఖం చూసింది. మీటరు పచ్చగా ఉంది. మరిది ముఖం మాత్రం చెవుల దాకా కందిపోయి, కుంకుమ అద్దినట్టు ఎర్రగా మారుతోంది. తండ్రి చెప్పిన మాట మెరుపులా గుర్తొచ్చింది. ఎర్రలోకి పోనివ్వకూడదు! ఏది అని ఆయన చెప్పలేదు కదా.

"అయ్యా, ఆపు! ఎర్రలోకి పోతోంది! ఎర్రలోకి పోతోంది!" అని కేకేసింది.

నలభై ఏళ్ళ డ్రైవరు. ఆ మాట వింటే కాలు దానంతటదే బ్రేకు మీదకి పోతుంది. లారీ ఆగింది. ఆగీ ఆగగానే మూత సందుల్లోంచి బుస్సుమని ఆవిరి లేచింది. తాతబ్బులు మోకాళ్ళు పైకెత్తి గూటికి వేలాడాడు. గూడు అతనికి వేలాడింది. అన్నలు పరుగున వచ్చి, ఇద్దరూ చెరో కాలూ పట్టుకుని నిలబడ్డారు.

ఇంజను చల్లారాక సన్యాసిరావు నీళ్ళు పోశాడు. ఇంకొక్క మలుపు తిరిగి ఉంటే ఇంజను బద్దలయ్యేది. మరి మీటరు పచ్చగా ఎలా ఉంది? దగ్గరకెళ్ళి కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. ఆయిలు మీటరూ పచ్చే, గాలి మీటరూ పచ్చే.

"ఎర్ర ఏదే?"

"తీసేశానయ్యా" అంది దేముడమ్మ. "ఎర్రలోకి పోనివ్వొద్దన్నావు. అసలు ఎర్రే లేకపోతే ఎక్కడికి పోతుంది?"

సన్యాసిరావు రోడ్డు పక్క బండరాయి మీద కూలబడ్డాడు. తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. బుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తున్నాడనుకుని దేముడమ్మ కొంగుతో విసిరింది. తువ్వాలు తీస్తే నవ్వుతున్నాడు. కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వుతున్నాడు.

"షెడ్డు మీరే ఉంచుకోండే" అన్నాడు చివరికి. "మీరున్న చోట కడితే నా గేదెలు పాడైపోతాయి."

దేముడమ్మకి రెండో మాట వినపడలేదు. మొదటిది చాలు. అక్కడే ఘాటు రోడ్డుకి దణ్ణం పెట్టింది.

ఆ రోజు లోడు క్షేమంగా దిగింది. దారి పొడుగునా సన్యాసిరావు మీటరు వైపు చూడనే లేదు. "మోకాళ్ళెలా ఉన్నాయిరా?" అని తాతబ్బులునే అడుగుతూ వచ్చాడు. ఊరు చేరాక మెకానిక్కు గూడు కింద ఒక ఇనపపట్టీ బిగించి, బనియను కోసి తాతబ్బులుని విడిపించాడు.

స్టాండులో అందరూ అడిగారు, ఇంజను ఎలా దక్కిందని. సన్యాసిరావు "మా అల్లుడి షెడ్డులో పని చేయించాను. అందుకే దక్కింది" అన్నాడు. అబద్ధం కాదు. ఏం పని అన్నది మాత్రం చెప్పలేదు. పరువు గలవాడు.

ఇంకేముంది, మర్నాడే పోలినాయుడు అనే లారీ యజమాని షెడ్డుకొచ్చాడు. గుబురు మీసం, నెత్తి నిండా గిరజాల జుట్టు, చేతిలో మూడు కొత్త మీటర్లు.

"సన్యాసిరావు బండికి ఎలా చేశారో, అచ్చు అలాగే నా బండికీ చెయ్యండమ్మా. ఒక్క పిసరు తేడా రాకూడదు" అన్నాడు.

"ఒక్క పిసరు కూడా రాదన్నా" అంది దేముడమ్మ, గర్వంగా.

సీటు ఊడదీసి అరుగు మీద వేశారు. ప్రయాణపు బడలిక, పోలినాయుడు అందులో వాలి గుర్రు పెట్టాడు. గవర్రాజు బల్లా డ్రమ్మూ సిద్ధం చేశాడు. నూకరాజు బజారుకెళ్ళి, ఈసారి తన వంతు కాబట్టి, కొత్త బనియను కొనుక్కుని తొడుక్కొచ్చాడు. దేముడమ్మ ఆకుపచ్చ రంగు కలిపింది. అంతా సిద్ధం. అప్పుడు పోలినాయుడి తల చూసి ఆవిడ ఉలిక్కిపడింది.

"ఏమయ్యోయ్, అప్పుడు లారీ యజమానిది బట్టతల! ఈయనకి చూడు, ఎంత జుట్టో! ఇది అచ్చు అలాగే ఎలా అవుతుంది?"

నిజమే. నలుగురూ తల మీద చేతులు పెట్టుకున్నారు. మాట పోయేలా ఉంది. తాతబ్బులు పరుగెత్తుకెళ్ళి మంగలిని పిలుచుకొచ్చాడు.

పోలినాయుడు మెలకువ వచ్చి, నెత్తి మీద చల్లగా తగిలితే తడుముకున్నాడు. ఒకసారి కాదు, రెండు చేతులతోనూ తడుముకున్నాడు. "నా జుట్టు! నా జుట్టేదే?" అని అరిచాడు.

దేముడమ్మ కంగారు పడలేదు. కొత్త గుడ్డలో శుభ్రంగా మూటగట్టిన జుట్టు తెచ్చి చూపించి, నెమ్మదిగా చెప్పింది.

"కొలత కోసం తీశామన్నా. మీ సీటుతో పాటే దాచాం. పనవగానే రెండూ మళ్ళీ బిగించి ఇచ్చేస్తాం."